చిట్టాకీ ఆవర్జాకీ మధ్య

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్. మధ్యాహ్నం రెండింటికి ప్రాజెక్ట్ వైవా. ఫైనలియర్ కుర్రాడొకడు ఉబుంటు మెషీన్ ముందు కూర్చుని, 500 ఎంబీ ఉన్న డెమో వీడియోని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టాడు. కమాండ్ ఇచ్చిన రెండు సెకన్లకే ప్రాంప్ట్ తిరిగొచ్చింది. ఫైలు పేరు కనిపిస్తోంది, సైజు సరిగ్గా ఉంది. అనుమానం తీరడానికి తెరిచి చూస్తే వీడియో చక్కగా ఆడింది. ఇంకేం కావాలి? పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుని సెమినార్ హాలుకి పరిగెత్తాడు. అక్కడ ప్రొజెక్టర్‌కి తగిలించిన ల్యాప్‌టాప్‌లో అదే ఫైలు తెరుచుకోలేదు.

వాడు ల్యాబ్‌లో ఆడించి చూసుకున్న వీడియో పెన్‌డ్రైవ్‌లోది కాదు, కంప్యూటర్ మెమరీలోది. సెకనుకి 10 ఎంబీ రాసే పెన్‌డ్రైవ్‌లోకి 500 ఎంబీ ఎక్కాలంటే 50 సెకన్లు పడుతుంది. రెండు సెకన్లకే ప్రాంప్ట్ వచ్చిందంటే, ఆ సరుకంతా మెషీన్ తన దగ్గరకి తీసుకుని "సరే, మిగతాది నేను చూసుకుంటా" అందన్నమాట. అది చూసుకునేలోపే కుర్రాడు పెన్‌డ్రైవ్ లాగేశాడు.

"అయింది" అన్న మాటకి రెండు అర్థాలున్నాయని వాడికెవరూ చెప్పలేదు. "తీసుకున్నాను" అనేది ఒకటి. "భద్రంగా పెట్టేశాను" అనేది రెండోది. స్టోరేజ్ సర్వర్ల పనంతా ఈ రెంటి మధ్య ఉన్న ఎడంలోనే జరుగుతుంది. ఆ మాటకొస్తే, చేతినిండా పనున్న మనిషి రోజు గడిచేదీ అక్కడే. అందుకే సర్వర్లు ఈ ఎడాన్ని ఎలా నెట్టుకొస్తున్నాయో ఒకసారి దగ్గరగా చూడటం మంచిది.

ముందు చిట్టా, తర్వాత ఆవర్జా

పాతకాలపు కిరాణా కొట్లో లెక్కల పుస్తకాలు రెండుండేవి. గల్లాపెట్టె పక్కన చిట్టా, లోపల బీరువాలో ఆవర్జా. రెండు కిలోల కందిపప్పు, అరకిలో బెల్లం అరువు మీద తూచి ఇచ్చిన శెట్టిగారు అప్పటికప్పుడు ఆవర్జా తీసి, ఖాతాదారు పేజీ వెతికి, పాత బాకీ కూడుతూ కూర్చుంటే కొట్టు ముందు జనం పోగవుతారు. అందుకని ముందు చిట్టాలో ఒక వరస రాసి పడేస్తారు. వచ్చిన బేరం వచ్చిన క్రమంలోనే, పేరూ సరుకూ సొమ్మూ. రాత్రి కొట్టు కట్టాక తీరిగ్గా చిట్టా ముందేసుకుని ఎవరి పద్దు వాళ్ల ఖాతాలోకి ఎక్కిస్తారు.

లైనక్స్ సర్వర్ కూడా అచ్చం ఇలాగే నడుస్తుంది. ప్రోగ్రాం ఏదైనా రాయమనగానే ఆ సమాచారాన్ని 4 కేబీ పేజీలుగా మెమరీలో ఉంచుకుని వెంటనే "అయింది" అంటుంది. ఈ చోటికి పేజ్ క్యాష్ అని పేరు. డిస్క్‌కి ఇంకా చేరని పేజీని "డర్టీ" పేజీ, అంటే మురికి పేజీ అంటారు. మామూలు సెట్టింగుల ప్రకారం అయిదు సెకన్లకోసారి ఒక పనివాడు లేచి చూస్తాడు. 30 సెకన్లు దాటిన మురికి పేజీలేమైనా ఉంటే వాటిని డిస్క్‌కి పంపుతాడు. అందుబాటులో ఉన్న మెమరీలో మురికి పేజీలు 10 శాతం దాటితే గడువు చూడకుండానే పని మొదలెడతాడు. 20 శాతానికి చేరితే ఊరుకోడు, రాస్తున్న ప్రోగ్రామునే ఆపి నిలబెడతాడు. పాత బాకీ తీరేదాకా కొత్త బేరం లేదు.

ఇంత ఏర్పాటు ఎందుకంటే వేగాల మధ్య ఉన్న తేడా అలాంటిది. మెమరీ నుంచి ఒక ముక్క తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ నుంచి తేవాలంటే సుమారు 100 మైక్రోసెకన్లు. పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్ అయితే పది మిల్లీసెకన్ల దాకా. ఈ అంకెలు మనిషి ఊహకి అందవు కాబట్టి ఒకసారి సాగదీసి చూడాలి. మెమరీ పని ఒక్క సెకనులో అయిందనుకుంటే ఎస్‌ఎస్‌డీకి పావుగంట పైన పడుతుంది. హార్డ్ డిస్క్‌కి ఒక పగలూ ఒక రాత్రీ చాలవు, 28 గంటల దాకా పడుతుంది.

అడిగేది ఇందాక రాసిందే

చిట్టాకి ఇంకో ఉపయోగముంది. రాసేవాడి తొందర తీర్చడమే దాని పని అనుకునేవాళ్లు దీన్ని గమనించరు.

పొద్దున సరుకు పట్టుకెళ్లినాయన కొడుకు మధ్యాహ్నం వచ్చి, "మా నాన్న పొద్దున ఎంతకి తీసుకెళ్లాడు శెట్టిగారూ?" అని అడుగుతాడు. శెట్టిగారు బీరువా తెరవరు. చెయ్యి నేరుగా చిట్టా మీదకే పోతుంది. ఇవాళ రాసిన పద్దు గురించి ఇవాళే అడుగుతారు. ఆరు నెలల కిందటి పద్దు అడిగేవాళ్లు ఎప్పుడో గానీ రారు.

సర్వర్ దగ్గరా అంతే. రాసిన పేజీ డిస్క్‌కి చేరగానే మెమరీలోంచి మాయమైపోదు. మురికి వదిలి శుభ్రమైన పేజీగా అక్కడే ఉండిపోతుంది. మెమరీకి కరువొచ్చేదాకా దాన్ని ఎవరూ కదపరు. ఈలోపు ఎవరైనా చదవడానికొస్తే డిస్క్ తలుపు తట్టకుండానే జవాబు దొరుకుతుంది. మెషీన్‌లో ఖాళీ మెమరీ కొంచెమే చూపిస్తోందని కొత్తగా లైనక్స్ పట్టినవాళ్లు కంగారుపడుతుంటారు. మాయమైందనుకున్న ఆ మెమరీలో చాలాభాగం ఈ క్యాష్ కిందే ఉంటుంది. అవసరమొచ్చినప్పుడు ప్రోగ్రాములకి అప్పగించడానికి సిద్ధంగానే ఉంటుంది.

క్యాష్ అంటే ఇక్కడ గల్లాపెట్టెలో డబ్బు కాదు. ఫ్రెంచిలో దాచడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ 1965లో ఈ ఆలోచనని ప్రకటిస్తూ దానికి "బానిస మెమరీ" అని పేరు పెట్టాడు. 1968లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 మోడల్ 85తో అది అమ్మకానికొచ్చిన యంత్రంలోకి ఎక్కింది. అప్పటినుంచి క్యాష్ అన్న మాటే స్థిరపడింది.

కాస్సేపు ఆగి రాయడంలో ఇంకో లాభమూ ఉంది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ బృందం 1985లో యూనిక్స్ మెషీన్లలో జనం ఫైళ్లని ఎలా వాడుతున్నారో లెక్కగట్టింది. కొత్తగా రాసిన సమాచారంలో సుమారు సగం అయిదు నిమిషాల్లోపే చెరిగిపోతోందని తేలింది. అంటే కాస్సేపు ఆగి రాసే సర్వర్‌కి, అసలు రాయనక్కర్లేని పని ఎంతో కలిసొస్తుందన్నమాట. పొద్దున అరువు తీసుకున్నవాడు సాయంత్రానికి డబ్బు కట్టేస్తే ఆవర్జా జోలికి పోయే పనే లేదు, చిట్టాలో ఒక కొట్టివేతతో సరిపోతుంది.

కొత్త ఫోటో గిరాకీ

ఇందాక రాసిందే మళ్లీ అడుగుతారనడానికి పెద్ద ఉదాహరణ ఫేస్‌బుక్ ఫోటోల గోదాము. దాని పేరు హేస్టాక్, అంటే గడ్డివాము. 2010లో ఆ సంస్థ ఇంజనీర్లు దాని గురించి రాసిన పరిశోధన పత్రం నాటికే 26,000 కోట్లకి పైగా చిత్రాలు అందులో ఉండేవి. అప్పట్లో వారానికి మరో 100 కోట్ల ఫోటోలు వచ్చి పడేవి. అంత వాములో అన్నిటినీ మెమరీలో పెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. మరి దేన్ని పెట్టుకోవాలి?

వాళ్లు రెండు షరతులు పెట్టుకున్నారు. ఒకటి, అడిగింది నేరుగా వాడకందారు బ్రౌజరే అయుండాలి, మధ్యలో ఇంకో కంపెనీ క్యాష్ ఉండకూడదు. ఆ క్యాష్‌లో దొరకని ఫోటో ఇక్కడ దొరికే అవకాశం తక్కువ మరి. రెండు, ఆ ఫోటో ఇంకా కొత్తవి రాసుకుంటున్న మెషీన్ మీద ఉండాలి. నిండిపోయి, ఇక చదవడానికే మిగిలిన పాత మెషీన్ల ఫోటోలని ఈ క్యాష్‌లోకి రానిచ్చేవాళ్లు కాదు. కారణం తేలికే. పెళ్లి ఫోటో పెట్టిన గంటలోనే చుట్టాలూ స్నేహితులూ ఎగబడి చూస్తారు, రెండేళ్ల తర్వాత ఎవరో ఒకరు. పైగా రాతా చదువూ ఒకేసారి మీద పడితే డిస్క్ తడబడుతుంది. కొత్త ఫోటోల చదువు భారాన్ని క్యాష్ మోస్తే, రాసే మెషీన్ తన రాత తాను చూసుకుంటుంది.

ఏది క్యాష్‌లో ఉండాలో తేల్చడానికి వాళ్లు ఫోటో ఎంత అందంగా ఉందో, ఎంత ముఖ్యమో చూడలేదు. అది ఎప్పుడు రాశారు, మళ్లీ ఎవరు అడుగుతారు, అంతే చూశారు.

అన్నీ చంకన పెట్టుకుంటే

అలాగని రాసిందల్లా దగ్గర ఉంచుకోవడం తెలివా? కాదు. సెఫ్ అనే స్టోరేజ్ వ్యవస్థ ఉంది. ఎన్నో డేటా సెంటర్లలో వందలాది డిస్కులని ఒక్కటిగా కలిపి నడిపేది అదే. దాని డిస్కులని చూసుకునే బ్లూస్టోర్ అనే భాగంలో మామూలు సెట్టింగు ఎలా ఉంటుందంటే, చదివినవి క్యాష్‌లో ఉంచు, రాసినవి ఉంచకు. ఫేస్‌బుక్ గడ్డివాముకి ఇది పూర్తిగా ఎదురు.

రెండూ సరైనవే ఎలా అయ్యాయి? సెఫ్ మీద తరచు నడిచేవి వర్చువల్ మెషీన్లు. ఒక్కోదానికీ దాని సొంత క్యాష్ ఉంటుంది. తానిప్పుడే రాసింది దాని మెమరీలో ఎలాగూ ఉంది కాబట్టి కిందికొచ్చి అడగదు. అడగనిదాన్ని కింద కూడా పట్టుకు కూర్చుంటే ఒకే సరుకు రెండు అల్మరాల్లో చోటు తినడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఫలానా రాత మళ్లీ కావాల్సొస్తుందని ముందే తెలిస్తే ఆ ఒక్కదాన్ని ఉంచమని ప్రోగ్రాం సూచన పంపొచ్చు. ఇక అక్కర్లేదని కూడా చెప్పొచ్చు.

అక్కర్లేదని చెప్పడం చేతకానప్పుడు ఏమవుతుందో రాత్రి బ్యాకప్ చూపిస్తుంది. ఎల్‌ఆర్‌యూ అనే పాత పద్ధతిలో, ఏ పేజీని తాకి ఎక్కువ కాలమైందో అది ముందు బయటికి పోవాలి. అర్ధరాత్రి బ్యాకప్ ప్రోగ్రాం వచ్చి డిస్క్ మీదున్న ప్రతి ఫైలునీ ఒక్కసారి తాకి వెళ్తుంది. మళ్లీ ఎవరూ అడగని ఆ సరుకంతా తాజాగా తాకినదే కాబట్టి క్యాష్‌లో చేరుతుంది, రోజంతా పనికొచ్చిన పేజీలు గెంటివేతకి గురవుతాయి. తెల్లారి వచ్చిన ఉద్యోగులు సిస్టమ్ నత్తలా నడుస్తోందంటారు.

ఐబీఎం ఆల్మడెన్ పరిశోధనశాలలో నిమ్రోద్ మెగిడో, ధర్మేంద్ర మోధా 2003లో దీనికో చక్కటి విరుగుడు ప్రకటించారు. దాని పేరు ఏఆర్‌సీ. అందులో ఒక్కసారే అడిగినవాటికి ఒక జాబితా, రెండోసారి కూడా అడిగినవాటికి ఇంకో జాబితా ఉంటాయి. వీటితోపాటు బయటికి పంపేసినవాటి పేర్లు మాత్రం రాసుకునే "దెయ్యం" జాబితాలు రెండు. సరుకు లేదు, పేరొక్కటే. పంపేసినదాన్ని ఎవరైనా మళ్లీ అడిగితే ఆ పేరు దొరుకుతుంది. అప్పుడు క్యాష్ తన అంచనా ఎటువైపు తప్పిందో గ్రహించి రెండు జాబితాల వాటా సర్దుకుంటుంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఈ ఏఆర్‌సీనే కొద్ది మార్పులతో వాడుకుంటోంది.

కరెంటు పోతే

చిట్టా తడిస్తే? మెమరీలో ఉన్న మురికి పేజీలకి కరెంటే ప్రాణం. కరెంటు పోయిందా, 30 సెకన్ల రాత గాలికి పోయినట్టే. అందుకే పోగూడని రాతకి వేరే దారి పెట్టారు. ఎఫ్‌సింక్ అనే పిలుపుతో ప్రోగ్రాం "డిస్క్‌కి చేరేదాకా నాకు జవాబు చెప్పొద్దు" అని పట్టుబట్టొచ్చు. బ్యాంకు లావాదేవీలు రాసే డేటాబేసులు చేసేది అదే.

పెద్ద స్టోరేజ్ యంత్రాలు ఇంకో అడుగు ముందుకేశాయి. బ్యాటరీ అండ ఉన్న చిన్న మెమరీలో ప్రతి రాతనీ ముందు వరసగా నమోదు చేసుకుంటాయి. నెట్‌యాప్ ఇంజనీర్లు 1994లోనే ఈ పద్ధతిని వివరించారు. జడ్‌ఎఫ్‌ఎస్‌లోనూ తక్షణం భద్రం కావాల్సిన రాత ముందు ఒక లాగ్‌లోకి పోతుంది, అసలు చోటికి అయిదు సెకన్లకోసారి మూకుమ్మడిగా చేరుతుంది. ఇక్కడొక సూక్ష్మముంది. శెట్టిగారికి చిట్టా ఒక్కటే రెండు పనులూ చేసింది. సర్వర్ ఆ పనులని విడదీసింది. చదవడానికి వాడే కాపీ మెమరీలో ఉంటుంది, భద్రత కోసం రాసిన కాపీ లాగ్‌లో ఉంటుంది. యంత్రం పడిపోయి లేచినప్పుడు తప్ప ఆ లాగ్‌ని ఎవరూ తెరిచి చదవరు.

ఇంత జాగ్రత్తలోనూ సందులుంటాయి. లైనక్స్‌లో ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైతే, డిస్క్‌కి చేరని పేజీకి కూడా "శుభ్రం" అని ముద్ర పడిపోవచ్చని 2018లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ నిర్మాతలు గుర్తించారు. రెండోసారి అడిగితే "అంతా క్షేమం" అనే జవాబొస్తుంది. దశాబ్దాలుగా అందరూ మళ్లీ ప్రయత్నిస్తే సరిపోతుందనే అనుకున్నారు. 2019 ఫిబ్రవరి విడుదలలతో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తీరు మార్చుకుంది. ఎఫ్‌సింక్ తప్పిందంటే రెండోసారి అడగడం మానేసి, డేటాబేస్ మొత్తాన్ని ఆపి, లాగ్ నుంచి మళ్లీ కట్టుకొస్తుంది.

పాత యూనిక్స్ అడ్మిన్‌లు మెషీన్ ఆపేముందు సింక్ అనే కమాండ్‌ని మూడుసార్లు టైపు చేసేవాళ్లు. చూసేవాళ్లకి మంత్రంలా ఉండేది. అప్పటి సింక్ రాయమని పురమాయించి వెంటనే తిరిగొచ్చేది, పని ముగిసేదాకా ఆగేది కాదు. రెండోసారీ మూడోసారీ టైపు చేసేలోపు డిస్క్‌కి కాస్త వ్యవధి దొరికేది. అంతకుమించి మర్మం లేదు.

ఆచరణలో

ఈ ఏర్పాట్లని మనిషి తన బల్ల మీదకి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు.

ముందుగా "అయింది" అన్న మాటని రెండు ముక్కలు చెయ్యాలి. డబ్బు చెల్లింపు, మందుల మోతాదు, గడువున్న దరఖాస్తు ఎఫ్‌సింక్ జాతివి. రసీదు నంబరు చేతికొచ్చేదాకా అవి కానట్టే లెక్క. పై అధికారి "ఆ బిల్లు సంగతేమైంది?" అంటే "పంపించానండీ" అనే బదులు "పంపించానండీ, అందినట్టు జవాబు ఇంకా రాలేదు" అనడం ఉద్యోగికి మంచి అలవాటు. మిగతా పనులు చిట్టాలో ఉండి సాయంత్రం దాకా ఆగొచ్చు. వాటిలో కొన్ని సాయంత్రానికి అక్కర్లేకుండానే పోతాయి.

రెండోది, ఇవాళ రాసుకున్నది ఇవాళే లోపల దాచెయ్యకూడదు. మీటింగ్ అయిన వెంటనే నోట్సుని నీటుగా ఫైలు చేసి బీరువాలో పెట్టే మనిషి, దాని మీద ప్రశ్నలు మొదలయ్యే మర్నాటికి బీరువా చుట్టూ తిరుగుతుంటాడు. ప్రశ్నలు సద్దుమణిగేదాకా ఆ కాగితం బల్ల మీదే ఉండాలి. ఫోన్లో ఫోటో తీసి పెట్టుకున్న ప్రతిని భద్రత కోసం వేరే చోట ఉంచుకోవచ్చు, దాన్ని రోజూ తెరవనక్కర్లేదు.

మూడోది, పక్కవాడి దగ్గర ఉన్నదాన్ని మళ్లీ తన దగ్గరా పెట్టుకోనక్కర్లేదు. ఒకే లెక్క ముగ్గురి డైరీల్లో ఉంటే, మారినప్పుడు ఒకటి మారుతుంది, రెండు పాతబడతాయి. ఫేస్‌బుక్ తన మెమ్‌క్యాష్‌డ్ అనే క్యాష్ సర్వర్ల విషయంలో పెట్టుకున్న పద్ధతి గట్టిది. అసలు డేటాబేస్‌లో విలువ మారగానే క్యాష్‌లోని ప్రతిని సవరించరు, తీసిపారేస్తారు. ఎవరికి కావాలంటే వాళ్లు అసలు చోటునుంచి తాజాగా తెచ్చుకుంటారు. పాత ఫోన్ నంబర్ల చీటీని దిద్దుతూ కూర్చునే బదులు చింపేయడంలాంటిదే ఇది.

నాలుగోది హద్దు. ఒప్పుకుని ఇంకా పూర్తి చెయ్యని పనులు ఫలానా సంఖ్య దాటితే ఖాళీ దొరికినప్పుడల్లా తీర్చడం మొదలెట్టాలి. ఇంకో సంఖ్య దాటితే కొత్త పని పుచ్చుకోకూడదు. లైనక్స్ పదీ ఇరవై అంటుంది, మనిషి అంకెలు వాళ్ల వాళ్ల పనిని బట్టి ఉంటాయి. ఆ రెండో అంకె ఎంతో ముందే రాసుకోని మనిషికి "ఈ వారం కుదరదండీ" అనే మాట నోటికి రాదు.

చివరిది దెయ్యం జాబితా. వదిలేసిన పని, ఇంకొకరికి అప్పగించిన ఫైలు, అటకెక్కించిన పుస్తకం, వీటి పేర్లు మాత్రం ఒక పేజీలో ఉండాలి. ఒకే పేరు నెలలో రెండుసార్లు వెతకాల్సొచ్చిందంటే దాన్ని అటక మీద పెట్టడం తప్పయిందని అర్థం. కిందికి దించుకోవాలి.

లైనక్స్ మెషీన్ అందుబాటులో ఉన్న పాఠకులు ఇదంతా ఒకసారి కళ్లారా చూడొచ్చు. ప్రాక్ ఫోల్డర్‌లో మెమ్‌ఇన్ఫో అనే ఫైలుంటుంది, అందులో డర్టీ అనే వరస పక్కన ఒక అంకె. పెద్ద ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఆ అంకెని చూస్తే లక్షల కేబీలకి ఎగబాకి ఉంటుంది. అప్పుడు సింక్ అని కొట్టాలి. ఇప్పటి లైనక్స్‌లో సింక్ పాతకాలంలా తొందరపడదు, రాత ముగిసేదాకా ప్రాంప్ట్ ఇవ్వదు. డర్టీ అంకె దిగుతూ దిగుతూ దాదాపు సున్నాకి చేరుతుంది. ల్యాబ్‌లో ఆ కుర్రాడి వీడియోకైతే ఇదంతా 50 సెకన్ల పని.